చెంచా చప్పుడు

పెద్ద చదువుకు వెళ్ళిన నా మనవరాలికి అమ్మమ్మ దీవించి రాయించేది. ఈ వీధిలో నన్ను గయ్యాళి ముసలమ్మ అంటారు, పేరుకు అది చాలు. వయసు ఎనభైకి అటో ఇటో. కాపురం దర్జీ షాపు వెనక గదిలో. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే.

మోకాలు ఎలా ఉందని అడిగావు. వంగదు. నా నోరు మాత్రం బాగానే తిరుగుతోంది.

నీ ఉత్తరం మా వీధి కాంపౌండరు చదివి వినిపించాడు. పరిశోధన మొదలుపెట్టేముందు ఆ విషయం మీద ఎవరి నమ్మకాలు వాళ్ళు రాసి అందరి ముందూ చదవాలని మీ మేడమ్ చెప్పిందట. మంచంపట్టినవాళ్ళకు ఇంటి ఆడవాళ్ళు చేసే సేవ మీద కదా నీ పరిశోధన. సేవ ప్రేమలోంచే పుడుతుందని, అది అమ్మమ్మ చేతుల్లో చూశానని రాశావు. పక్షవాతం వచ్చిన తాతయ్య చెంచాతో మంచంకోడు కొడితే, నేను వంటింట్లోంచి గ్లాసుతో గట్టు మీద కొట్టి బదులిచ్చేదాన్నట. మాట పడిపోయాక మొగుడూ పెళ్ళాం అలా కబుర్లు చెప్పుకునేవారట. కాంపౌండరు కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

అది కొట్టెయ్. నలుగురి ముందు నా మీద అబద్ధం చదవడానికి వీల్లేదు.

మీ తాతయ్య చెంచా కొట్టేది నీళ్ళకోసం. నేను గ్లాసు కొట్టేది, వినబడింది, పడి ఉండు అని. తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడిచి అప్పుడు వెళ్ళేదాన్ని. మీ అమ్మను కన్నరోజు నొప్పులు పడుతూ గుక్కెడు నీళ్ళడిగాను. వరండాలో పేకాడుతూ, "ఏడుస్తున్నావుగా, అవే తాగు" అన్నాడు. ఆటలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

అంత చాకిరీ ఎలా చేశావన్నావు. కసితో చేశాను. ఆ మనిషి ఒంటిమీద ఒక్క పుండు లేవనివ్వలేదు. డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. పుండ్లు పడితే త్వరగా పోతాడని నా భయం.

"ఇది కూడా రాయాలా పెద్దమ్మా?" అని కాంపౌండరు కలం ఆపాడు.

"గొంతులో అడ్డం పడితే నీళ్ళు తాగి రాయి" అన్నాను.

ఇంకొకటుంది. చెప్పకుండా పోదామనుకున్నాను. నువ్వు మా దగ్గర పెరిగేటప్పుడు, ఐదేళ్ళుంటాయేమో, నేను పెరట్లో ఉండగా చెంచా మోగింది. వచ్చి చూస్తే నువ్వు మంచం పక్కనే ఉన్నావు. ఆ మనిషి కొట్టినప్పుడల్లా నువ్వూ గ్లాసు నేలకేసి కొట్టి పకపకా నవ్వుతున్నావు. నీళ్ళన్నీ నేలపాలు. మీ తాతయ్య ఆ తడినే చూస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, ఆపలేదు. నా కడుపు చల్లబడింది. ఆ ఇంట్లో నువ్వు నేర్చుకున్నది అదీ. చదవాలంటే అది చదువు.

నన్ను నీ దగ్గరికి వచ్చెయ్యమన్నావు. తాతయ్యను నేను చూసుకున్నట్టే నన్ను నువ్వు చూసుకుంటావట.

రాను. దర్జీ కోడలితో మాట్లాడుకున్నాను, జీతానికి చేస్తానంది. ఆమెకు నేనేమీ కాను. దాహమంటే నీళ్ళిస్తుంది.

ఇట్లు,
నీకు పలక కొనిచ్చిన అమ్మమ్మ
(చదివించి విన్నాక వేసిన ఎడమ బొటనవేలి ముద్ర)

రాసినవాడు: కాంపౌండరు
సాక్షులు: దర్జీ, దర్జీ కోడలు