ఎలుకలకు పెట్టిన పూలు

కనజావా,
అక్టోబరు 9.

ప్రియమైన నత్సుహోకు,

సవాకో నమస్కారాలు. ఇక్కడ వానలు వెనకబట్టి చలి మొదలైంది. మీ సప్పోరోలో ఈపాటికి బొంతలు బయటికి తీసే ఉంటారు. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. మీ నాన్నగారి ఊసెత్తనని నాచేత ఒట్టు వేయించుకున్నావు. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు అన్నం సహించేలా లేదు. ఆయన గురించి మర్యాదగా రాయలేకపోతున్నాను, ఏమనుకోకు.

ప్రయోగాల్లో చనిపోయిన ఎలుకలకు మీ నాన్నగారి ప్రయోగశాలలో మేం ఏటా చేసే సంస్మరణ నిన్న జరిగింది. బౌద్ధ గురువు మంత్రాలు చదివాడు. అందరం వరసగా వాటి గుర్తుగా నిలిపిన రాతి ముందు చేమంతులు పెట్టాం. మీ నాన్నగారు నడుం వంచి, మీ ప్రాణాలు వృథా పోలేదు అని ఆ ఎలుకలకు చెప్పాడు. ఆ మాటకు అసహ్యమేసి పక్కకు వచ్చేశాను.

ఆయన మందు క్యాన్సర్ కణాలను చంపదు, ముసలివాటిని చేస్తుంది. అవి ఇక రెండుగా చీలి పెరగవు. రంగు వేస్తే నీలంగా తేలతాయి. మందిచ్చిన నాలుగో వారంలో ఎలుకను కోసి, గడ్డ నిండా నీలం చూసి సంబరపడటం మా ఆనవాయితీ. ఆగస్టులో ఓబోన్ పండక్కి అందరం ఊళ్ళకు పోయి కొన్నింటిని కోయడం మర్చిపోయాం. తిరిగొచ్చాక నేను వాటిని అలాగే ఉంచాను. సెప్టెంబరులో గడ్డలు మళ్ళీ లేచాయి. ముసలి కణాలు చావకుండా కూర్చుని, బుట్టలో కుళ్ళిన పండులా రసం కార్చి, చుట్టుపక్కల వాటిని రెచ్చగొట్టాయి. ఎలుకలన్నీ పోయాయి.

చూపిస్తే ఆ మనిషి ఏమన్నాడో తెలుసా? సెలవుల్లో మర్చిపోయిన ఎలుకలు ప్రయోగం కింద రావమ్మా, తీసేయ్ అన్నాడు. ఈ మందును ఆసుపత్రిలో అప్పుడే మనుషులకు ఎక్కిస్తున్నారు, నత్సుహో. పైగా మెట్ల దగ్గర నన్ను ఆపి, గడ్డ తిరిగొచ్చాక అవి ఎన్నాళ్ళు సరిగ్గా తిన్నాయి అని అడిగాడు. దాణా మీద ఉన్న బెంగ మనుషుల మీద లేదు. ఛీ అనుకుని, జవాబు చెప్పకుండా దిగొచ్చేశాను.

మీ అమ్మ మంచాన పడ్డా ప్రయోగశాల వదలని మనిషి ఇంతకంటే ఏం చేస్తాడని నువ్వంటావు. నీ మాటే నిజం. నేను మాత్రం ఆ ఎలుకల ఫలితాలు సోమవారం ఆసుపత్రి పెద్దలకు ఇచ్చేస్తాను. ఉద్యోగం పోతే పోనీ.

నీ
సవాకో

తా.క.: అంటించిన కవరు మళ్ళీ విప్పి ఇది రాస్తున్నాను. సోమవారం దాకా ఆగడమెందుకని ఆసుపత్రికి వెళ్ళాను. మందు ఎక్కించే గదిలో, కిటికీ పక్క కుర్చీలో మీ నాన్న కూర్చుని ఉన్నాడు. చేతికి సూది ఉంది. వసంతం నుంచీ అదే మందు ఎక్కించుకుంటున్నాడట. నత్సుహోకు రాయకమ్మా, దానికి నా మీద కోపమే నయం అన్నాడు. పక్క కుర్చీల్లో ఇంకెవరెవరో కళ్ళు మూసుకుని ఉన్నారు. వాళ్ళను చూశాక నా అసహ్యం పోలేదు. ఫలితాలు ఇచ్చే వచ్చాను. కానీ మెట్ల దగ్గర ఆయన అడిగింది దాణా గురించి కాదు. అవి ఎన్నాళ్ళు తిన్నాయో ఆయనకు నేను ఇంకా చెప్పలేదు. నువ్వు బయల్దేరు.