సునీతకి కోర్టు ఇచ్చిన లాయరు

మంగళవారం, ఎన్నిస్, ఐర్లండ్

సాయం చేయాలంటే మనిషిని పూర్తిగా నమ్మాలా? ఏళ్ళుగా ఇదే ప్రశ్న.

ఇన్సూరెన్స్ లేకుండా నా కారు నడిపిందని, ఇక్కడ ముసలివాళ్ళను చూసుకునే కేరర్ పని చేస్తున్న సునీత మీద కేసు. ఇక్కడ కారు ఇన్సూరెన్స్‌లో పేరున్నవాళ్ళే దాన్ని నడపాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేదని కోర్టుకిచ్చే ఫారం నేనే దగ్గర కూర్చుని నింపించాను. ఈరోజు జడ్జి లాయరును కేటాయించారు. ఆయనతో సునీత, నా ఎదుటే, "ఇన్సూరెన్స్‌లో నా పేరుందని అక్కే చెప్పింది సార్" అంది.

బయటికొచ్చాక, అలా ఎందుకు చెప్పావని అడిగాను.

"నీకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అక్కా, తప్పు నీ మీదికి వచ్చినా తట్టుకుంటావు. శిక్ష పడితే నన్ను కేరర్‌గా ఎవరు ఉంచుకుంటారు?"

నేను అలా చెప్పలేదు. తాళాలిస్తూ "ఏం కాదులే, తీసుకెళ్ళు" అన్నాను, అంతే. ఇన్సూరెన్స్ సంగతి నాకూ తోచలేదు.

వచ్చే వాయిదాకి సాక్ష్యం చెప్పమన్నాడు ఆ లాయరు. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.