నూనె సీసా మీద గీతలు

అక్కా,

కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతురు బాగా పడేచోట కూర్చుని చదువు. ఫోన్ చేస్తే మొదటి మాటకే నా గొంతులో తేడా పట్టేసి "ఏంట్రా దాస్తున్నావు?" అంటావు. ఉత్తరమైతే నువ్వు తిట్లు మొదలెట్టేలోపు నేను చెప్పాల్సింది చెప్పేయవచ్చు.

నాకు షుగర్ వచ్చింది. బయటపడి ఐదు నెలలైంది. మాత్రల డబ్బాని హోటల్లో సామాన్ల గదిలో మిరియాల డబ్బా వెనక దాచాను. పెళ్లి చేసుకోరా అని నువ్వు మొత్తుకున్న రోజుల్లో వినలేదు, ఇప్పుడు ఇంట్లో ఎవరి దగ్గరా దాచాల్సిన పని లేదు. నవ్వకు.

ఎందుకు దాచానో నీకు అర్థమవుతుంది. నాకంటే ముందున్న వంట మాస్టారుకి జబ్బు చేసి వాసన తెలియకుండా పోయింది. మా యజమాని ఆయన్ని హాల్లో అందరి ముందూ పొగిడి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపేశాడు. వంటవాడికి నాలుకే అన్నం పెడుతుంది. షుగర్ ఉన్నవాడు తీపి ముట్టకూడదు, వెన్న ముట్టకూడదు అని ఎవరైనా ఆయన చెవిలో వేస్తే నాకూ ఒక గడియారం వస్తుంది. పందొమ్మిదేళ్లు ఆ పొయ్యి దగ్గర నిలబడ్డాను అక్కా. అది తప్ప నాకేం చాతనవును?

ఒక్క మనిషికి మాత్రం తెలిసిపోయింది. మా ఎదురు వరసలో కళ్లద్దాల షాపు ఒకటి ఏడాది కిందట తెరిచారు. నడిపేది నీ వయసు ఆవిడ, మేం కళ్లద్దాలమ్మ అంటాం. ఆర్డర్ చీటీలు మసకగా కనిపిస్తున్నాయని ఆవిడ దగ్గర అద్దాలు చేయించుకున్నాను. మూడు వారాలకే అవి పనికిరాకుండా పోయాయి. "మీరు చేసిన అద్దాల్లో లోపముంది" అని పోట్లాటకి వెళ్లాను. ఆవిడ నన్ను మళ్లీ కూర్చోబెట్టి, అక్షరాల పలక చదివించి, "మాస్టారూ, ఇంత తొందరగా నంబర్ మారితే తప్పు అద్దాలది కాకపోవచ్చు. ముందు రక్తం చూపించుకోండి. నాకు పదకొండేళ్లుగా షుగర్, అందుకే అడుగుతున్నా" అంది. చూపించుకుంటే ఉంది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. "మీ కళ్లు మీవి. నేనెందుకు చెప్తాను?" అంది. ఈనాటికీ చెప్పలేదు.

ఆవిడ మధ్యాహ్నం భోజనం మా దగ్గరే. చేప, ఉడికిన కూరగాయలు, ఒక సూప్. రోజూ సర్వర్‌ని పిలిచి "వెన్న లేదు కదా? పొద్దుతిరుగుడు గింజల నూనే కదా?" అని అడిగి మరీ తింటుంది. నేను లోపల్నుంచే "లేదమ్మా, నూనే" అని అరుస్తాను. అరిచి, ఆఖర్న ఒక పెద్ద చెంచాడు వెన్న చేప మీద వేస్తాను. సూప్‌లో ఇంకో చెంచా. అది పడకపోతే చేపకి మెరుపుండదు, తడిగుడ్డలా ఉంటుంది. ఆవిడ వేళ్లు నాక్కుంటూ "మాస్టారూ, నూనెతో ఈ రుచి ఎలా తెస్తారండీ!" అంటుంది. నాకు లోపల ఒకటే నవ్వు. బయట తినడానికి వచ్చినవాళ్లకి రుచి కావాలి గానీ పథ్యం కాదు కదా.

డాక్టరే ఒక పట్టాన నమ్మడం లేదు. రోజూ ఏం తింటావంటే ఉన్నదే చెప్పాను. రెండు రొట్టెలు, మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం, రాత్రి ఒక గుడ్డు. ఇంత తక్కువ తింటే షుగర్ ఎందుకు దిగడం లేదంటాడు. నాకేం తెలుసు? నేను తినేది అంతే. మిగతాదంతా రుచి చూడటం.

తిట్టాలనిపిస్తే ఉత్తరం రాసి తిట్టు. ఫోన్ చేయకు.

నీ ఉప్పుగాడు

&nbsp;

అక్కా,

నువ్వు రాసిన నాలుగు పేజీలూ అందాయి. మూడు పేజీల తిట్లకి నేను తగినవాణ్ణే. నాలుగో పేజీలో "రుచి చూడటం తినడం కాదని ఎవడ్రా నీకు చెప్పింది?" అన్నావు చూడు, అది చదివి చిరాకుపడ్డాను. వంట తెలిసినదానివై ఉండి నువ్వే అలా అంటే ఎలా అనుకున్నాను. ఆ చిరాకు ఎంతసేపు నిలిచిందో విను.

మా దగ్గర గిన్నెలు తోమే పిన్ని ఉంది. తొమ్మిదేళ్లుగా నా వెనకే, తొట్టి దగ్గర నిలబడే ఉంటుంది. ఒకసారి నోట్లో పెట్టిన చెంచా మళ్లీ గిన్నెలో పెట్టకూడదని మా యజమాని రూలు. అందుకని నేను రుచి చూసిన ప్రతి చెంచా ఆవిడ తొట్టిలోకి పోతుంది. "రోజుకి అరవై చెంచాలు తోమిస్తావు నాయనా, పెళ్లివారొచ్చినట్టు" అని సణుగుతుంది. ఆవిడ భర్తా షుగర్‌తోనే పోయాడు. దాచిపెట్టి, దాచిపెట్టి, ఆఖరికి కాలు తీసేశాక పోయాడు. మిరియాల డబ్బా వెనక మాత్రలు ఆవిడ ఎప్పుడో చూసిందట. నాకు తెలీదు.

మొన్న మంగళవారం నేను ఏది రుచి చూస్తే, అందులోంచి పిన్ని సరిగ్గా ఒక చెంచాడు తీసి పక్కన ఒక గిన్నెలో వేసింది. గ్రేవీ, సూప్, వెన్నలో వేయించిన ఉల్లి, కేకు మీద పోసే మీగడ, పాకం. నేను చూడనే లేదు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక గిన్నెకి మూతపెట్టి ఫ్రిజ్‌లో దోసింది. సాయంత్రం టీ వేళ తెచ్చి నా ముందు పెట్టి మూత తీసింది.

"ఏంటిది పిన్నీ?"

"ఇవాళ నువ్వు తిన్నది. పొద్దుటి రొట్టెలూ అన్నమూ కాక."

గిన్నె నిండుగా ఉంది అక్కా. ఇద్దరు కడుపునిండా తినేంత. పైన తెల్లగా, గట్టిగా, వేలు లావున కొవ్వు పేరుకుంది. చెంచాతో కొడితే టక్‌మని చప్పుడైంది. "నీళ్ల చుక్కకి కూడా లెక్క చెప్తావు, ఇదెక్కడికి పోయిందనుకున్నావు నాయనా?" అంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు, నేను కళ్లు తెరుచుకునే తాగాను. ఇరవై ఏళ్ల వయసులో నువ్వు నా చేతికి గరిట ఇచ్చినప్పట్నుంచి చెంచాలో ఉన్నది నాకు పని, కంచంలో ఉన్నదే నాకు తిండి. ఆ తేడా నా కడుపుకి తెలియదని నాకు తట్టలేదు.

అసలు దెబ్బ గురువారం తగిలింది. కళ్లద్దాలమ్మ భోజనం చేసి నన్ను హాల్లోకి పిలిపించింది. మనిషి చిక్కిపోయి ఉంది.

"మాస్టారూ, మీరు వంట తెలిసినవారు, ఉన్నమాట చెప్తారు. ఒకటి అడుగుతా. కూరలో ఎవరైనా దొంగతనంగా వెన్న కలిపితే తినేవాళ్లు కనిపెట్టగలరా?"

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ "ఎందుకమ్మా?" అన్నాను.

రక్తంలో ఏడాది కిందట అదుపులోనే ఉన్న చెడు కొవ్వు ఇప్పుడు బాగా పెరిగిందట. గుండెకి మంచిది కాదని డాక్టర్ ఇంకో మాత్ర రాశాడట. "కొవ్వంతా మానెయ్యమని కాదు మాస్టారూ, ఎంచుకోమన్నాడు. చేప తినొచ్చు, గుప్పెడు పల్లీలు తినొచ్చు, గింజల నూనె కొద్దిగా వాడొచ్చు. వెన్నా మీగడా మాత్రం తగ్గించమన్నాడు. నేను అదే కదా చేస్తున్నాను! పగలు మీ దగ్గర తింటాను, మీ మీద నాకు అనుమానం లేదు. ఇక మిగిలింది ఇల్లు. మా కోడలు కాపురానికి వచ్చి సరిగ్గా ఏడాది. రుచి కోసం అదే ఏదో కలుపుతోంది. అడిగితే లేదంటుంది. ఆరు వారాలుగా దానితో మాట్లాడటం మానేశాను."

గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకుంటూ నిలబడ్డాను. ఎదురుగా కంచంలో ఆవిడ అప్పుడే తిన్న చేప ముల్లు. దాని చుట్టూ నా వెన్న పసుపుపచ్చగా గడ్డకడుతోంది. "కనిపెట్టడం కష్టమమ్మా" అని లోపలికి వచ్చేశాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అని ఉంటే ఆ పిల్ల బయటపడేది. అనలేదు. అంటే ఆవిడ యజమానికి చెప్తుంది, అబద్ధంతో పాటు నా రోగమూ బయటికొస్తుంది, నా పొయ్యి ఆరిపోతుంది.

నన్నేం చేయమంటావు?

నీ తమ్ముడు

&nbsp;

అక్కా,

"ఆవిడకి చెప్పు. చెప్పాక రాయి. అంతవరకు నాకు రాయకు." మొత్తం ఉత్తరమంతా ఇంతే! క్షేమమా అని అడగలేదు, కింద పేరు కూడా పెట్టలేదు. నువ్వు మనిషివా, రాయివా? ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను.

మూడో రోజు కంచం నేనే పట్టుకెళ్లాను. బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అమ్మా, ఇవాళ ఇందులో వెన్న లేదు. నిన్న ఉంది. మొన్న ఉంది. ఈ ఏడాదంతా ఉంది. మీ కోడలు ఏమీ కలపలేదు."

ఆవిడ చెంచా కింద పెట్టింది. "రోజూనా?" అంది.

"రోజూ."

"నేను అడిగినప్పుడల్లా?"

"అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పానమ్మా."

కేకలేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది. లేచి, సంచీ భుజాన వేసుకుని, "మీ సంగతి నేనెవరికీ చెప్పలేదు మాస్టారూ" అని మాత్రం అంది. వెళ్లిపోయింది. నన్ను చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

అదే ఊపులో యజమాని దగ్గరికి పోయి రెండూ చెప్పేశాను. అబద్ధం సంగతీ, షుగర్ సంగతీ. "నాకు గడియారం కొంటారా?" అని కూడా అడిగాను, అంత తెగింపు ఎక్కడిదో నాకే తెలీదు. ఆయన గల్లాపెట్టె మూసి, "నీ రోగం గురించి తర్వాత. నా హోటల్లో కూర్చుని అడిగిన మనిషికి అబద్ధం చెప్పావు. ఆవిడ మళ్లీ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్న రోజు నీ ఉద్యోగం గురించి మాట్లాడదాం" అన్నాడు.

మర్నాడు ఆవిడ షాపు తలుపులు తెరుచుకోలేదు. ఆ తర్వాత రోజూ లేదు. పదకొండు రోజులు అక్కా! వంటింటి కిటికీలోంచి ఆ మూసిన షాపు కనిపిస్తుంది. ఉల్లిపాయలు తరుగుతూ దాన్నే చూశాను. ఆవిడకి గుండెకి ఏమైనా అయిందేమో అనుకున్నాను. నా చేత్తో, నా చెంచాతో ఏం చేశానో అని ఒకరోజు సామాన్ల గదిలో కూర్చుని ఏడ్చాను. పిన్ని చూసి, తలుపు దగ్గరికి వేసి తన పని చేసుకుంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం వచ్చింది. ఒక్కతే కాదు, వెంట ఒక సన్నటి పిల్ల. ఎప్పుడూ కూర్చునే బల్ల వదిలేసి, వంటింటి తలుపు పక్కన, పొయ్యి కనిపించేచోట ఇద్దరూ కూర్చున్నారు. నేను బయటికి వెళ్లాను.

"మీ మీద కోపంతో రాలేదనుకున్నారా?" అంది కళ్లద్దాలమ్మ. "కోపం ఉంది. కానీ ఈ పదకొండు రోజులూ నేను ఈ మా కోడలి పుట్టింట్లో ఉన్నాను. మీరు నిజం చెప్పేలోపే ఇది నాతో పడలేక వెళ్లిపోయింది. మీరు చెప్పిన సాయంత్రమే బయల్దేరి వెళ్లి, క్షమించమ్మా అని అడిగాను. నా ఎదురుగా మీరు చేతులు కట్టుకుని నిలబడ్డారు చూడండి, నేనూ దీని ముందు అలాగే నిలబడ్డాను. తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తిరిగి రావడానికి ఇది ఒప్పుకునేసరికి పదకొండు రోజులు పట్టింది."

"పది రోజులు అత్తయ్యా. పదకొండో రోజు మా అమ్మ ఆగమంటే ఆగాం" అంది ఆ పిల్ల. ఇద్దరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ పిల్ల సంచీలోంచి ఒక గాజు సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఖాళీ నూనె సీసా. మెడ దగ్గర్నుంచి అడుగు దాకా నల్లగా సన్నటి గీతలు, ప్రతి గీత పక్కనా తేదీ. అద్దాల మీద గుర్తుపెట్టే కలంతో గీసినవి.

"రోజూ వంటయ్యాక ఎంత నూనె తగ్గిందో గీత గీశానండీ. అత్తయ్యకి చూపిద్దామని. రోజుకి ఇంత, అంతకుమించి ఒక్క చుక్క వాడలేదు. ఇంట్లో వెన్నే లేదు."

"నలభై గీతలు" అంది కళ్లద్దాలమ్మ, వాటి మీద వేలు నడిపిస్తూ. "నా వంటింట్లో, నా కళ్ల ముందే ఉన్నాయి మాస్టారూ. ఊరందరికీ చూపు బాగుచేస్తాను, ఒక్కటీ చూడలేదు నేను."

సీసాని నావైపు జరిపింది ఆ పిల్ల. "మా ఇంట్లో ఇక దీంతో పని లేదు. మీ దగ్గర ఉంచుకోండి" అంది. మాటలో ఎత్తిపొడుపు లేదు అక్కా. ఉంటే భరించేవాణ్ణి.

తీసుకున్నాను. లోపలికి వెళ్లి శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పాత గీతలు చెరిగిపోకుండా పొద్దుతిరుగుడు నూనె పోసి, వాళ్లిద్దరూ చూస్తుండగా అందులోంచే కొలిచి చేప వండాను. వెన్న లేకుండా చేపకి మెరుపు రాదని పందొమ్మిదేళ్లు వాదించిన వెధవని నేను. పల్లీలు కచ్చాపచ్చాగా దంచి, నిమ్మరసం పిండి, పెనం బాగా కాలనిచ్చి వేయిస్తే చేప తోలు పటపటలాడింది. తడిగుడ్డలా లేదు. అలవాటు కొద్దీ చెంచా నోటి దాకా తెచ్చి, ఆపి, వెనక్కి తిరిగి పిన్నికి ఇచ్చాను. తొమ్మిదేళ్లుగా నా చెంచాలు తోమిన మనిషిని రుచి ఎలా ఉందని నేనొక్కసారీ అడగలేదు. ఆవిడ చప్పరించి, కళ్లు మూసుకుని, "ఉప్పు తక్కువైంది" అంది.

నిజంగానే తక్కువైంది! ఉప్పు ఎప్పుడూ సరిగ్గా వేస్తానని నువ్వు పేరు పెట్టిన ఉప్పుగాడికి!

కళ్లద్దాలమ్మ తింది. రుచి గురించి ఏమీ అనలేదు. లేచేటప్పుడు "రేపు మధ్యాహ్నం వస్తాను. మీ అద్దాలు కూడా తెండి, నంబర్ ఇప్పుడు నిలకడగా ఉందేమో చూద్దాం" అంది. యజమాని గల్లాపెట్టె దగ్గర్నుంచి అంతా చూశాడు. నా పక్కగా పోతూ, "రుచి చూసే పని పిన్నికి అప్పజెప్పు. నువ్వు వండు" అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గడియారం కొననులే, నీ పొయ్యి దగ్గర దాన్ని పెట్టుకోడానికి చోటు లేదు" అన్నాడు.

నా రక్తం పరీక్ష వచ్చే నెల. ఎలా వచ్చినా నీకు ముందు రాస్తాను. ఇప్పుడు మాత్రలు మిరియాల ముందే ఉన్నాయి. రోజూ ఒక చిన్న గిన్నెలో నేను రుచి చూసినంత వేసి పిన్ని పక్కన పెడుతోంది, నిన్నటి గిన్నెలో అడుగు కూడా నిండలేదు.

సీసా పొయ్యి పైన అల్మరాలో ఉంది. ఇవాళ వంటయ్యాక, ఆ పిల్ల గీతల పక్కన, మొదటిసారి నేనో గీత గీసి తేదీ వేశాను. కాస్త వంకరగా వచ్చింది. నూనె ఎక్కడ ఉందో అక్కడే గీశాను అక్కా.

ఇప్పుడు నీకు రాయవచ్చా?

నీ ఉప్పుగాడు