తుక్కు జాబితాలో పదిహేడో వస్తువు, దాని కేబులు

పాత సామాను వేలం అధికారి గారి సముఖమునకు,
ఆసుపత్రి రక్తనిధిలో రికార్డు సహాయకురాలు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వేలం జాబితాలో 17వ వస్తువుగా చూపిన ‘పనికిరాని చిన్న పెట్టె’ను తొలగించి, దానిని ఒక్కసారి కంప్యూటరుకు తగిలించుటకు అనుమతి కోరుట గురించి.

ఒక మనిషి నిజం చెప్పాడో లేదో తేల్చే తీగ చేతిసంచిలోనే ఉన్నా, తొమ్మిదేళ్లు బయటికి తీయని ఆడదాన్ని ఏమనాలి? దీనికి తమ కార్యాలయంలో ఫారం ఉండదని తెలుసు. అందుకే క్రమసంఖ్యలు వేసి విన్నవించుకుంటున్నాను.

1. సదరు పెట్టె అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. రక్తం సంచులుండే ఫ్రిజ్‌లో కూర్చుని, పది నిమిషాలకోసారి లోపలి చలి ఎంతుందో రాసుకోవడం దాని పని. ప్రతి సోమవారం దాన్ని బయటికి తీసి, కేబులుతో కంప్యూటరుకు తగిలించి, ఆ వారం గీతను ప్రింటు తీసి ఫైల్లో అంటించడం నా పని.

2. కేబులు ఒక్కటే. ఎవరైనా పట్టుకుపోతారని నా చేతిసంచిలోనే ఉంచుకునేదాన్ని. గుచ్చితే కంప్యూటరు ఓ పట్టాన పెట్టెను గుర్తుపట్టేది కాదు. తీసి గుచ్చి, తీసి గుచ్చి, పూటంతా దానికే పోయేది. ఒక సోమవారం విసుగొచ్చి, పాత వారం గీతకే తేదీ మార్చి అంటించాను. ఎవరూ అడగలేదు. ఆరు వారాలు అలాగే అంటించాను. ఆరింటి మీదా పచ్చసిరా సంతకాలు పడ్డాయి.

3. ఏడో సోమవారం పొద్దున తెరిస్తే ఫ్రిజ్ లోపల వెచ్చగా ఉంది. ముప్పై ఒక్క సంచులు పారేశాం. ఆ మధ్యాహ్నమే కాన్పుకొచ్చిన ఒకావిడకు రక్తం కావలసి వచ్చింది. లేదు. బయటి నుంచి తెప్పించేలోగా ఆవిడ పోయింది. బిడ్డ బతికింది.

4. ముందురోజు ఆదివారం ఫ్రిజ్ తలుపు సరిగా వేయలేదని అటెండరు మీద పడ్డారు. ఎప్పుడూ ఫ్రిజ్ పక్కనే ఉంటాడని అందరం ఆయన్ని మంచుమామ అనేవాళ్లం. పోయినావిడ భర్త వరండాలో ఆయన చెంప పగలగొట్టాడు. “ఇంకోటి తగిలించు బాబూ, ఇప్పటికైనా తలుపు వేయడం నేర్చుకుంటాడు” అన్నాడు మా టెక్నీషియను. ఒకరిద్దరు నవ్వారు కూడా. మంచుమామ చెంప పట్టుకుని నావైపే చూశాడు.

“తలుపు వేశానమ్మా. మోటారే కొన్నాళ్లుగా మూలుగుతోంది. ఆ పెట్టె పెట్టి చూడండి, అదే చెబుతుంది.”

“కేబులు పోయింది మామా” అన్నాను. సంచి నా భుజానికే వేలాడుతోంది.

5. కొత్త కేబులు కోసం రాస్తే, ఆ రకం ఇప్పుడు తయారు కావడం లేదని జవాబొచ్చింది. విచారణాధికారి నా ఫైలు తెప్పించుకున్నారు. ఆరు వారాలుగా చలి సక్రమముగా నున్నది, కావున మోటారు బాగున్నది, కావున తలుపు తెరిచి ఉంచినది ఇతడే అని రాశారు. మంచుమామ ఉద్యోగం పోయింది. ఆయన్ని ఇంటికి పంపినవి నేను అంటించిన ఆ ఆరు కాగితాలే.

6. ఇప్పుడు తగిలిస్తే రెండిట్లో ఒకటి తేలుతుంది. ఆ ఆదివారం గీత ఒక్కసారిగా పైకి లేచి ఉంటే తలుపు కారణం, తప్పు ఆయనది. వారాల తరబడి మెల్లగా పాకుతూ పైకి వచ్చి ఉంటే మోటారు కారణం. అప్పుడు నేను ఏ ఒక్క సోమవారం చూసి ఉన్నా ఆవిడ బతికేది. సెల్ అయిపోయినా పాత లెక్కలు చెరిగిపోవని, కేబులు తగిలిస్తే కంప్యూటరు కరెంటుతోనే పెట్టె మేలుకుంటుందని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు.

7. తమ జాబితా గోడకు అంటించిన రోజే మంచుమామను వెతుక్కుంటూ వెళ్లాను. ఒక లాడ్జి గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. కేబులు సంగతి, ఆరు గీతల సంగతి అంతా చెప్పి, ఇప్పుడైనా ఆ పెట్టెకు గుచ్చి చూస్తానన్నాను. “కాస్త జరగండమ్మా, కారొస్తోంది” అని గేటు తీసి, వేసి, గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి వచ్చాడు.

“గుచ్చకండి” అన్నాడు.

“నీ మీద పడ్డ మచ్చ పోతుంది మామా.”

“నేనే మరిచానని తేలితే? వేశాననే గుర్తు. గుర్తుండడం వేరు, వేయడం వేరు. ఆవిడ చావు నా వల్ల కాదనుకునే ఇన్నాళ్లూ ముద్ద మింగుతున్నాను. అదీ లాక్కుంటారా?” నవ్వాడు. “కేబులు మీ దగ్గరే ఉంచుకోండమ్మా. సంచిలో చెయ్యి పెట్టినప్పుడల్లా తగలాలి.”

8. ఆ బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయి. ఆ ఇంటివాళ్ల అభిప్రాయం ఇంతవరకు ఎవరూ కోరి యుండలేదు. నేనూ కోరలేదు.

కావున తమరు దయతలచి 17వ వస్తువును వేలము నుండి తప్పించి, తమ సమక్షమున తగిలించుటకు ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన. తగిలించగానే ‘పాతవి భద్రపరచాలా, చెరిపి కొత్తగా మొదలుపెట్టాలా’ అని తెర మీద అడుగుతుంది. ఆ మీట మాత్రం నాచేత నొక్కించవద్దు. ఈ మనవిని చిత్తగించవలెను. చిత్తగించ వీలుకానిచో ఆ మాటైనా రాసి పంపవలెను.

తమ విధేయురాలు,
రికార్డు సహాయకురాలు, రక్తనిధి

తా.క.: కేబులు ఈ కవరులోనే పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను. ఆయన వద్దన్నాడు కనుక ఆగుతున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆగుతున్నది ఆయన కోసమో నా కోసమో మాత్రం నాకింకా తేలలేదు. కవరు అంటించేలోగా తేలుతుందనీ అనుకోవడం లేదు.