నా బిడ్డ

మెదక్, బుధవారం రాత్రి

నాకు తమ్ముడిగా పుట్టిన కిరణ్ ఈ రోజు చీర కట్టుకుని కీర్తిగా ఇంటికొచ్చింది. నేనే రమ్మన్నాను. అమ్మ వంటింట్లో నన్ను నిలదీసింది. "వచ్చిండు అనాల్నా, వచ్చింది అనాల్నా? నా నోరు తిరుగుతలేదే."

సాయంత్రం పక్కింటి షాహీన్ ఆంటీ వచ్చి, "గీమె ఎవరక్కా?" అని అమ్మను అడిగింది. కీర్తి తల వంచుకుంది. అమ్మ కాసేపు తడబడి, "నా బిడ్డ" అంది.

మా దగ్గర బిడ్డ అంటే కూతురే. కానీ ముద్దొస్తే కొడుకునూ బిడ్డా అనే పిలుస్తాం. అమ్మ ఏమనుకుని అన్నదో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

రేపు పొద్దున బాపు చేగుంట నుంచి వస్తాడు. కన్నతండ్రే అయినా ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. "అక్కా, బాపు నన్ను ఏమని పిలుస్తడే?" అని కీర్తి ఇందాకటి నుంచి అడుగుతోంది. అసలు పిలుస్తాడో లేదో అన్నదే నా భయం.