పాత ఫిల్టర్ మీద బొట్టు

లింగమూర్తి బావా,

ఫోన్ల చెప్తే నవ్వుతవని రాస్తున్న. పదివేల కిలోమీటర్లు తిరిగిందని మొన్న నా క్యాబ్‌ని షోరూంల సర్వీసింగ్‌కు ఇచ్చిన. ఎయిర్ ఫిల్టర్ మార్చినమని బిల్లుల రాసిన్రు. ఎనిమిదిల బడి మానేసిన గాని, బిల్లు చదవనొస్తది నాకు. నానక్‌రామ్‌గూడ కాడ సవారీ కోసం ఆగినప్పుడు అనుమానమొచ్చి బానెట్ లేపి, ఫిల్టర్ తీసి చూసిన. దసరాకు బండి పూజల సామాన్లన్నిటికి పెట్టుకుంట నీ బిడ్డ యశస్విని దాని అంచుకు పెట్టిన కుంకుమ బొట్టు అట్లనే ఉంది!

తిరిగి పోయి అడిగితే, "కొత్తదానికి కూడా బొట్టు పెట్టే బిగిస్తం అన్నా" అన్నడు సూపర్‌వైజర్. ఆ బొట్టు మన పోరి చిటికెనవేలంతనే ఉంది బావా. ఆయన వేలు జూస్తే అరటిపండంత ఉంది.

బయట చేయిస్తే వారంటీ పోతదని బెదిరిస్తుండు. ఇంజన్ పోతే నా బతుకుదెరువే పోతది, అది నిజమే. కానీ మార్చకుండనే మార్చినమనేటోళ్లు రేపు ఇంజన్ పోతే పలుకుతరా?

ఇగ ఆదివారం నార్సింగిల నీ మెకానిక్ షెడ్డుకే తెస్త. కోపం జేయకు, మళ్ల బొట్టు పెట్టిచ్చే తెస్త. ఏ సామానుకు పెట్టిచ్చిన్నో చెప్ప. ఈసారి యశస్వినితోని పెట్టియ్య. అది నీ బిడ్డ, నీకు చెప్పేస్తది.

నీ బామ్మర్ది