రూపనగుడి కడల హంది

కార్వార

చిన్నాయనకు, చిన్నమ్మకు యశస్విని దండాలు.

నేను బాగున్నాను. ఫోన్‌లో చెబితే చిన్నాయనకు సగమే వినపడుతుంది, మిగతా సగం ఆయనే కల్పించుకుంటారు. అందుకే ఉత్తరం. నా ఉద్యోగం ఏమిటని అడిగారు కదా. పడవలో పోయి సీసాల్లో నీళ్లు పట్టుకొస్తాను. నవ్వకండి! సముద్రంలో ఏ ప్రాణి తిరిగినా దాని చర్మం పొట్టు, ఉమ్మి, మలం నీళ్లలో కలుస్తాయి. ఆ నీళ్లు వడగట్టి, వడపోత కాగితానికి అంటుకున్న డి.ఎన్.ఎ.ను పరీక్షిస్తే వచ్చిపోయింది ఎవరో తెలుస్తుంది. డాల్ఫిన్లు ఎగిరి దూకుతాయి కాబట్టి కంటికి కనబడతాయి. వాటి చుట్టం ఒకటుంది, వీపు మీద రెక్క ఉండదు, మహా సిగ్గరి. దాన్ని కన్నడంలో కడల హంది అంటారు. కంటితో చూడకుండానే దాని జాడ పట్టడం మా పని.

మీ యశస్విని

తా.క. చిన్నమ్మా, నువ్వు దంచి పంపిన చెట్నీపుడి అయిపోయింది. దాని జాడకు పరీక్ష అక్కర్లేదు, మా గదిలో అందరి మూతులూ చూస్తే చాలు.

* * *

రూపనగుడి

చిరంజీవి యశస్వినికి చిన్నాయన ఇంద్రసేన దీవెనలు.

నా కళ్లకు పొర కమ్మింది. నీ ఉత్తరం మీ చిన్నమ్మ చదివి వినిపించింది, ఇది కూడా నేను చెబుతుంటే ఆమే రాస్తోంది. మన ఇంట్లో చదువుకున్నవాళ్లకు కొదవ లేదు గాని, రైతుకు పనికొచ్చే చదువు చదివింది నువ్వొక్కదానివే. కడలె హందిని నీళ్లు చూసి పట్టేస్తావా! పప్పుశనగను కన్నడంలో కడలె అంటారు సరే, ఆ చేలో పడి తినే పందికి మీ ఆఫీసులో కడలె హంది అని పేరు కూడా పెట్టారన్నమాట.

ఈ ఏడు మన పప్పుశనగ పందుల పాలవుతోంది. చేను చుట్టూ లాగి కరెంటు పెడదామని బళ్లారి నుంచి తీగ తెచ్చాను. "పందికని పెడితే మనిషికి తగల్తే ఎట్లా? నేనొప్పుకోను" అని మీ చిన్నమ్మ అడ్డం పడింది. నేను ఒకరి మాట వినే రకం కాదని నీకు తెలుసు. కాని నీ పరీక్ష ఒకటుంది కాబట్టి ఆగాను. చేని పక్క కాలువ నీళ్లు పంపనా?

దీవెనలతో,
ఇంద్రసేన

తా.క. సిగ్గరిది అని రాశావట. మన పందులకు ఆ గుణం ఇంకా రాలేదు.

* * *

కార్వార

చిన్నాయనకు యశస్విని దండాలు.

కొంప ముంచారు! కడలె కాదు, కడల. కడలు అంటే సముద్రం. నేను వెతికేది సముద్రంలో ఈదే జీవిని. ఈ పరీక్ష ఉప్పునీళ్ల సముద్రానికే, మీ కాలువ నీళ్లు పంపవద్దు. తీగ మాట విని గుండె జారిపోయింది. మీ కాళ్లు పట్టుకుంటాను, కరెంటు మాత్రం పెట్టకండి.

మీ యశస్విని

తా.క. చిన్నమ్మా, కడల అన్నచోట వేలు పెట్టి నిదానంగా చదువు.

* * *

రూపనగుడి

చిరంజీవి యశస్వినికి చిన్నాయన దీవెనలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఉప్పునీళ్లయితేనే పరీక్ష పనిచేస్తుందని రాశావట. కాలువ నీళ్లలో కల్లుప్పు కలిపి, సోడా సీసాలో పోసి, బస్సులో పార్శిల్ వేయించాను.

ఊరంతా ఇదే మాట. పక్క చేను ఉరుకుందప్ప వచ్చి, "ఏందప్పా ఇంద్రసేనా, నీళ్లు చూస్తే యెవురు వచ్చిందీ తెలుస్తాదంటనే? మనుషులు గూడా తెలుస్తారా?" అని నా చెవిలో అడిగాడు. అన్నీ తెలుస్తాయన్నాను. పాపం, మొహం మాడిపోయింది. మర్నాటి నుంచి మన చేలో పచ్చికాయ పీకేవాడు లేడు. ఇక పందుల సంగతి తేల్చు. అంతవరకు తీగ చుట్టలోనే ఉంటుంది.

దీవెనలతో,
ఇంద్రసేన

తా.క. సముద్రంలో ఉప్పు ఎంత వేస్తారో తెలియక అందాజుగా వేశాను.

* * *

కార్వార

చిన్నాయనకు యశస్విని దండాలు.

సీసా చేరింది. మూత ఊడి పెట్టె అంతా తడి. "ఇది ఏ సముద్రం?" అని మా మేడం అడిగితే బళ్లారి సముద్రమని చెప్పుకోవలసి వచ్చింది. అందరూ నవ్వారు. మిగిలిన గుక్కెడూ మీ మీద గౌరవంతో వడగట్టాను. మా పరీక్షకు తెలిసిన ప్రశ్న ఒకటే: డాల్ఫినా, కడల హందినా? మీ కాలువలో రెండూ లేవు. రూపనగుడికి డాల్ఫిన్ల భయం లేదు. అడవి పంది సంగతి దీనికి తెలియదు. తీగ పెట్టారా లేదా, అదొక్కటి రాయండి. ఆ దిగులుతో నాకు అన్నం సయించడం లేదు.

మీ యశస్విని

తా.క. దయచేసి ఈ ఉత్తరం ఇంకెవరితోనైనా చదివించుకోండి.

* * *

రూపనగుడి

నా బంగారు యశస్వినికి చిన్నమ్మ అక్కమ్మ ముద్దులు.

ఇది ఆయన చెప్పి రాయించినది కాదు. ఆయన కళ్లం దగ్గర ఉన్నాడు. మోక ఊరి బడిలో ఏడో తరగతి దాకా కన్నడమే చదివాను తల్లీ, కడలు ఏదో కడలె ఏదో నాకు తెలియదా?

నీ మొదటి ఉత్తరం వచ్చిన పూట ఆయన తీగచుట్ట విప్పుతున్నాడు. తెల్లారకముందే దురుగమ్మ, ఆమె కోడలు మన గట్టు మీదుగానే కూలికి పోతారు. చెప్పి చూశాను, ఏడ్చి చూశాను. "మన గట్టు మీద నడవమని వాళ్లకు యెవురు చెప్పినారు?" అన్నాడు. చెడ్డవాడు కాదు, మొండివాడు. నా మాట ఆయనకు గోడకు చెప్పినట్టే, ఆఫీసు మాటంటే మాత్రం చెవులు రిక్కిస్తాడు. అందుకని కడల చివర ఒక ఎత్వం తగిలించి, అడ్డొచ్చిన మాటలు మింగేసి చదివాను. ఉప్పు కూడా నా పైత్యమే. సీసా పోవాలి, ఫలితం రావాలి అంటూ రోజులు జరిపాను. నీ చివరి ఉత్తరం వచ్చాక, పందులు లేవని తేలిందని చదివాను.

నిన్నటితో కోత అయిపోయింది. తీగ పాత ఇనుము కొనే గుజిరీ అంగడికి వేసేశాను. పొద్దున దురుగమ్మ గట్టు మీద పోతూ "బాగుండావా అక్కమ్మక్కా?" అని పలకరించింది. దానికేమీ తెలియదు. లోపలికి వచ్చి తలుపేసుకుని తనివితీరా ఏడ్చాను. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను, కోపం పెట్టుకోకు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. మొన్న పంది ఎదురుగా వచ్చి నిలబడితే, "పందులు లేవని కార్వారలో తేలింది గదా, ఇది ఉరుకుందప్ప దూడ" అని ఆయన దాన్ని అదిలించనే లేదు.

నీ చిన్నమ్మ
అక్కమ్మ

తా.క. సోమవారం ఆయన కంటికి ఆపరేషన్. కట్టు విప్పగానే నీ ఉత్తరాలన్నీ తనే చదువుకుంటాడట, తీసి పెట్టమన్నాడు. ఆ మూడూ మళ్లీ రాసి వెంటనే పంపు తల్లీ. ఈసారి ఎత్వం మరిచిపోకు.